తిరిగి తీసుకున్న శ్రుతి

ప్రోతరాపూర్,
సెప్టెంబరు 1963

జోగులూ,

క్షేమంగా ఉన్నానని మొదలయ్యే ఉత్తరాలను నేను నమ్మను. క్షేమంగా ఉన్నవాడు ఉత్తరం రాయడు, పడుకుంటాడు. నాకు భయంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. మీ అక్క కాళమ్మ పోయాక ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు నువ్వొక్కడివే మిగిలావు. ముందు నువ్వు నవ్వుకునే భాగం చెబుతాను.

పోర్ట్ బ్లెయిర్ క్లబ్బులో దొరలు వదిలేసిపోయిన పియానో ఒకటి ఉంది. జపాను వాళ్ళు దాని మీద టోపీలు పెట్టుకున్నారు. తరవాత దాని ముందు పలకను చెదలు తినేశాయి. పలక ఉండాల్సిన చోట క్లబ్బు వాళ్ళు ఒక పూల తెర వేలాడదీశారు. దాన్ని జూన్‌లో శ్రుతి చేశాను. వానల్లో చెక్క ఉబ్బుతుంది, శ్రుతి జారుతుంది, కొన్ని వారాల తరవాత మళ్ళీ చేయాలి, దానికి మళ్ళీ ఫీజు ఇవ్వాలి అని ముందే చెప్పాను. క్లబ్బు సెక్రటరీ తల ఊపాడు. ఆ తల ఊపడానికి అర్థం ఆగస్టులో తెలిసింది. "శ్రుతి పోయింది. నువ్వు మోసగాడివి. మొదటి ఫీజు కూడా ఇవ్వను" అన్నాడు.

ఫీజు తగాదాల్లో నా పద్ధతి నీకు తెలుసు. రంగూన్‌లో మా షాపు యజమాని నేర్పినది. ఇవ్వనివాడితో వాదించకూడదు. మన పని మనం వెనక్కి తీసుకుని వచ్చేయాలి. ఆదివారం సాయంత్రం, అతిథులు టీ తాగుతుండగా వెళ్ళి, తెర తీసి, తీగల పిన్నులు తిప్పే శ్రుతి తాళంతో, నేను బిగించిన తీగలన్నీ ఒక్కొక్కటే వదులు చేయడం మొదలుపెట్టాను.

"అరే మిస్త్రీ, క్యా కర్ రహే హో?" అని సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు.

"నా సామాను సర్దుకుంటున్నాను సాబ్."

"ఏం సామాను?"

"శ్రుతి."

అతిథులందరూ నవ్వారు. అదే నా కొంప ముంచింది. నేను తీగలు వదిలేసినందుకు అతను నన్ను క్షమించేవాడేమో. ఆ నవ్వును మాత్రం క్షమించడు. నా చెవి దగ్గరకు వచ్చి, "అగ్లా జహాజ్‌లో నిన్ను మెయిన్‌లాండుకి పంపించేస్తాను" అన్నాడు. పగలు అతను స్థలాల పట్టాలు ఇచ్చే ఆఫీసులో కూర్చుంటాడు. ఈ ఇంటి స్థలం ఇంకా నా పేర పక్కా కాలేదు. ఓడ వచ్చిందని కూత వినపడితే చాలు, లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంటున్నాను.

ఈ ఊళ్ళో నాతో పేచీ పెట్టుకోనివాడు లేడు. చర్చి ఫాదరు "ఇది దేవుడి పని కదా" అని ఫీజు ఎగ్గొట్టబోయాడు. "అయితే తీగలు కూడా ఆయన్నే బిగించమనండి" అన్నాను. డాక్టరు గారి భార్య చేపల బజారులో లాగా బేరమాడింది. "చట్రం పగిలిందమ్మా, ఇది ముట్టుకుంటే ప్రమాదం" అని అబద్ధమాడాను. దెబ్బకు ముందే ఫీజు చేతిలో పెట్టింది. చట్రానికి ఏమీ కాలేదు. సంగీతం తెలియనివాళ్ళకు భయం ఒక్కటే తెలుస్తుంది. ఇప్పుడు ఆ భయం నా ఇంటికే వచ్చి కూర్చుంది.

మీ బావ
పోలిరాజు


మాయాబందర్,
అక్టోబరు

బావా,

నీ ఉత్తరం జెట్టీ మీదే చదివాను. ఒక్కడినే నవ్వుతుంటే పక్కనున్న కరెన్ జాతివాళ్ళు నన్ను తాగుబోతు అనుకున్నారు. ఉత్తరం చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఏటి బావా ఇది? వయసు పెరిగే కొద్దీ మనిషికి నెమ్మది రావాలి గానీ, నీకు పళ్ళు మొలుస్తున్నాయి.

ఇప్పుడు నా మాట విను. మన తవిటని జనవరి జెండా పండక్కి పియానో వాయించడానికి తీసుకున్నారు. అవును, నా కూతురే. హాస్టల్లో ఉండి చదువుకుంటూ, ఆదివారం నీ ఇంటికి వచ్చి చేపల పులుసు వండిపెట్టే గుంటే. పోలీసు బ్యాండు పక్కన ఇది కూర్చుని వాయించాలి. ఎదురుగా చీఫ్ కమిషనరు కూర్చుంటారు. బాగా వాయిస్తే సర్కారు ఖర్చుతో మద్రాసు పంపించి సంగీతం టీచరుగా తర్ఫీదు ఇప్పిస్తారంట. బడి పెద్ద దీదీ నాకు స్వయంగా చెప్పారు. సముద్రం మీద చేపలు పట్టుకునేవాళ్ళ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల టీచరమ్మ అవుతుంది బావా. నేను ఆ మాట విన్న రోజు వల వేయడం మర్చిపోయి ఖాళీ బోటుతో తిరిగొచ్చాను.

ఇంతకీ ఆ పియానో ఏదో తెలుసా? నువ్వు ఊపిరి తీసేసిన క్లబ్బు పియానోయే. పండగ కోసం బడికి అరువిచ్చారు. ఈ దీవుల్లో దాన్ని సరిచేసేవాడివి నువ్వొక్కడివే. నీకు పుస్తకాలు చదివిన పొగరుంది, నాకు తెలుసు. ఒక్కసారి ఆ సెక్రటరీకి సలాం కొట్టు. నీ నడుం విరిగిపోదు. విరిగితే నేనొచ్చి కట్టు కడతాను.

నువ్వు మా అక్కకి ఎప్పుడూ ఏదీ ఇవ్వలేదు. దాని మేనకోడలికి ఇది ఇవ్వు.

జోగులు


ప్రోతరాపూర్,
డిసెంబరు మొదట్లో

జోగులూ,

సలాం కొట్టాను. నడుం బాగానే ఉంది.

సెక్రటరీ తన గుమాస్తాల ఎదుట ఫీజు మొత్తం ముందే నా చేతిలో పెట్టాడు. "ఈసారి నీ సామాను ఇక్కడే వదిలి వెళ్ళాలి, సమ్‌ఝా?" అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. ఇద్దరికీ లెక్క సరిపోయింది. పోలీసు బ్యాండు బాకాలతో కలవాలంటే శ్రుతి బాగా పైకి ఎక్కించాలన్నాడు. జూన్‌లో నేను ఆ పియానో శ్రుతిని కావాలనే కిందకు ఉంచాను. అవి ఉప్పుగాలికి తుప్పుపట్టిన తీగలు. బ్యాండు మాస్టరు రోజూ వచ్చి సరిచూస్తున్నాడు. తప్పించుకోవడానికి లేదు.

పని మొదలైంది. నడుస్తోంది.

నిన్నొక మాట అడుగుతాను. కారణం అడక్కు. తవిట గొంతు బాగుంటుంది కదా? పియానో కాకుండా ఏదైనా పాట పాడితే సరిపోదా? బడి దీదీతో నువ్వు చెబితే వింటారేమో. ఆ పిల్ల వాయించేటప్పుడు మొహాన్ని తీగలకు అంత దగ్గరగా ఎందుకు పెడుతుంది? దానికి దూరం సరిగ్గా ఆనుతుందా? ఎప్పుడైనా కళ్ళు చూపించావా?

ఇక్కడ వానలు తగ్గాయి. అయినా హాలులో పని చేస్తుంటే నాకు చెమట పడుతోంది.

తవిటకు నేను ఇలా అడిగానని చెప్పకు.

పోలిరాజు


మాయాబందర్,
డిసెంబరు

బావా,

ఏం దాస్తున్నావు? నేను సముద్రం మీద బతికేవాణ్ణి. నీరు రంగు మారితే నాకు తెలుస్తుంది.

పాట పాడితే సరిపోదా అంటావేం? పాడేవాళ్ళు ఆ బడినిండా ఉన్నారు. మద్రాసు పంపేది వాయించినవాళ్ళనే. నీకు తెలియదా? గుంట కళ్ళు బాగానే ఉన్నాయి. కాగితం మీద సంగీతం చదవడానికి వంగుతుంది, అంతే. ముందు శ్రుతి చేస్తానన్నావు, ఇప్పుడు అది పాడాలంటావు. సెక్రటరీతో మళ్ళీ ఏదైనా పేచీ పెట్టావా? నిజం చెప్పు. ఇంకో మాట. సెక్రటరీ మనిషి ఒకడు బోటులో వచ్చి నన్ను కలిశాడు. "మీ బావ ఈసారి వేషాలు వేస్తే అతనొక్కడే కాదు, మీరూ పడతారు" అన్నాడు. నా చేపల షెడ్డు సర్కారు స్థలంలో ఉంది. నీకు ఇది చెప్పకూడదనుకున్నాను. నీ ఉత్తరం చూశాక చెప్పక తప్పలేదు.

మా అక్క బతికున్నప్పుడూ నువ్వింతే. ఇంట్లో అందరూ నవ్వుతున్నప్పుడు నువ్వొక్కడివే మూల కూర్చుని, ఎక్కడో ఏదో తప్పు వెతికి తెచ్చి మధ్యలో పడేసేవాడివి.

ఈసారి అలా చెయ్యకు. దణ్ణం పెడతాను.

జోగులు


ప్రోతరాపూర్,
డిసెంబరు చివర

జోగులూ,

నువ్వు తిట్టినదంతా నిజమే కావచ్చు. ఇది కూర్చుని చదువు.

పియానో తీగలన్నీ ఒక పెద్ద ఇనుప చట్రానికి బిగించి ఉంటాయి. ప్రతి తీగా ఆ చట్రాన్ని మడిచేయాలని రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది. అన్నీ కలిస్తే నీ బోటును మనుషులతో సహా పైకి ఎత్తగలిగినంత లాగుడు. శ్రుతి పైకి వెళ్ళే కొద్దీ లాగుడు పెరుగుతుంది. బ్యాండు స్థాయికి ఎక్కిస్తున్నప్పుడు నాకొక చప్పుడు వినిపించింది. తీగది కాదు. చాలా చిన్నది, ఎవరో పళ్ళ మధ్య వక్క కొరికినట్టు. దీపం దగ్గర పెట్టి చూశాను. సన్నతీగల వైపు చట్రం కడ్డీ మీద వెంట్రుకంత గీత ఉంది. గోరు పెట్టి లాగితే అక్కడ ఆగింది. ఆగినట్టు అనిపించింది.

నా కళ్ళకు పొర కమ్ముతోందని నీకు తెలుసు. అది పగులే కావచ్చు. ఇనుము పోతపోసినప్పుడు పడిన గీత కావచ్చు. పైన రంగు చిట్లి ఉండవచ్చు. రోజూ చూస్తున్నాను. ఒకరోజు పెరిగినట్టుంటుంది, మర్నాడు అసలు లేనట్టుంటుంది.

రంగూన్ షాపులో నా పక్కన అప్పలరాముడు పనిచేసేవాడు. మన భీమిలి వైపువాడే. ఒకరోజు లావు తీగ ఒకటి తెగి వాడి మొహం మీద కొట్టింది. ఒక్క తీగ. మర్నాటి నుంచి వాడు ఒక కంటితోనే పనిచేశాడు. ఇక్కడ చట్రమే పోతే ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు ఫిరంగి పేలినట్టుంటుందని చెప్పారు. మామూలు పియానో అయితే తీగలకూ మనిషికీ మధ్య పలక ఉంటుంది. దీనికి ఉన్నది పూల తెర. దాని వెనకే తీగలు. దాని ముందు, జానెడు దూరంలో, మన తవిట మొహం.

నేను చేయగలిగినవన్నీ చేశాను. ఒక చెక్క తెచ్చి అడ్డంగా కొట్టాను. క్లబ్బు వస్తువుకు మేకులు కొట్టావని నన్ను తిట్టి, దాన్ని పీకించేశారు. చీఫ్ కమిషనరు ముందు పెట్టెచెక్కలు పెడతావా అన్నారు. సెక్రటరీకి గీత చూపించాను. అతను కిందకు వంగి కూడా చూడలేదు.

"డాక్టరు గారింట్లోనూ చట్రం పగిలిందన్నావట. అక్కడ ఫీజు ముట్టగానే అతుక్కుందట కదా?" అన్నాడు.

"అది అబద్ధం సాబ్. ఇది నిజం."

"ఇంకా ఎంత కావాలి బుడ్డే?"

బడి దీదీ దగ్గరికి వెళ్ళాను. సెక్రటరీ గారితో మాట్లాడమన్నారు. చివరికి తవిటకే చెప్పాను. "మావయ్యా, ఆయన మీద గుస్సా నా మీద తీర్చుకోకు" అంది.

నువ్వు దాని తండ్రివి. నువ్వు వద్దంటే మానేస్తుంది. నేను ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

పోలిరాజు


మాయాబందర్,
జనవరి 1964

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక పక్క షెడ్డు సత్యారావు చేత కూడా చదివించాను.

డాక్టరు గారి భార్యతో ఆడిన అబద్ధం గురించి సెప్టెంబరులో నాకు నువ్వే రాశావు. నవ్వుతూ రాశావు. ఇప్పుడు అదే మాట నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. నేను దేన్ని నమ్మాలి? గీత ఉందంటావు, మళ్ళీ లేదేమో అంటావు. గోరు ఆగిందంటావు, ఆగినట్టు అనిపించిందంటావు. ఒక అనిపించడం కోసం నా కూతురి బతుకు ఆపమంటావా?

నాకు మాత్రం భయం లేదనుకున్నావా? నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. కానీ నేను రోజూ పాత బోటులోనే సముద్రం మీదకి వెళ్తాను బావా. చెక్క ఎక్కడ నీరు పీలుస్తోందో తెలుసు. అయినా వెళ్తాను. వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. మావాళ్ళ బతుకులన్నీ అలాంటి గీత మీదే నడుస్తాయి.

మేమంతా పండక్కి బోటెక్కి వస్తున్నాం. దేముడమ్మ పిన్ని కొత్త చీర కొనుక్కుంది. నువ్వు ఆ పియానో జోలికి వెళ్ళకు.

జోగులు


ప్రోతరాపూర్,
జనవరి చివర

జోగులూ,

నన్ను పోలీసు జీపు ఎక్కిస్తున్నప్పుడు నువ్వు హాలు మెట్ల దగ్గర నిలబడ్డావు. నన్ను చూసి మొహం తిప్పుకున్నావు. కొత్త చీర కట్టుకున్న దేముడమ్మ మాత్రం ఏం జరిగిందో తెలియక నాకు చెయ్యి ఊపింది. అందరికంటే ఆమె చెయ్యే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మాట్లాడే అవకాశం లేదు కాబట్టి రాస్తున్నాను. చదవకపోయినా చింపకు.

పండగనాటి ఉదయం హాలుకు వెళ్ళాను. చివరిసారి సరిచూడటానికి వచ్చానని వాచ్‌మన్ తలుపు తీశాడు. పాపం, వాడికి ఉద్యోగం పోలేదని విన్నాను. అది నిజమో కాదో కనుక్కో. తెర తీశాను. ఆ ఉదయం గీత స్పష్టంగా కనిపించింది. ఇంతకు ముందు ఎప్పుడూ అంత స్పష్టంగా కనిపించలేదు. అందుకే నాకు అనుమానం కూడా వచ్చింది. కావాలనుకున్నది అంత బాగా కనిపిస్తుందా?

వదులు చేయడం మొదలుపెట్టాను. అది కూడా ప్రమాదమే. ఒకవైపు లాగుడు తగ్గి ఇంకోవైపు ఉండిపోతే చట్రం అక్కడే పోవచ్చు. నా మొహం సరిగ్గా తవిట మొహం ఉండే చోట ఉంది. ప్రతి తిప్పుకూ కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే పిన్ను కనిపించదు. తెరిచేవాణ్ణి. మళ్ళీ మూసేవాణ్ణి. బయట పిల్లలు జెండా కర్ర పాతుతున్నారు. కర్ర నేలకు తగిలిన చప్పుడుకు నేను స్టూలు మీంచి కింద పడ్డాను. బాంబుల కింద రంగూన్ వదిలి నడిచి వచ్చినవాణ్ణి, కర్ర చప్పుడుకు పడ్డాను.

ఫీజు ఇచ్చినవాడి దగ్గర శ్రుతి వెనక్కి తీసుకోవడం నా జన్మలో ఇదే మొదటిసారి. నా ధర్మం ప్రకారం అది దొంగతనం. వాళ్ళు ఇచ్చిన డబ్బు స్టూలు మీద పెట్టాను.

అందరికంటే ముందు తవిట వచ్చింది. తెల్ల చీర, తలలో పువ్వులు. పియానో మెట్టు ఒకటి వేలితో నొక్కింది. ఒక మూలుగు వచ్చింది.

"పూరా తీసేశావా మావయ్యా?"

"పూర్తిగా."

మూత మెల్లగా వేసింది. చప్పుడు చేయకుండా వేసింది. ఏడ్చి ఉంటే బాగుండేది.

పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరుకు కేసు ఎలా రాయాలో తెలియలేదు. "ఏం విరిగింది?" అని అడిగాడు. ఏమీ విరగలేదు. "ఏం పోయింది?" శ్రుతి. "అది ఏ సెక్షను కింద వస్తుంది సాబ్?" అని సెక్రటరీనే అడిగాడు. ఇంకెప్పుడైనా అయితే ఈ ముచ్చట నీకు రెండు పేజీలు రాసేవాణ్ణి. సాయంత్రం వదిలేశారు. నా స్థలం పట్టా "పరిశీలనలో" ఉందట. అంటే ఏమిటో నాకు తెలుసు.

తవిట పరిస్థితి ఏమిటి? అది ఆదివారం రాలేదు.

పోలిరాజు


పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి

మావయ్యకి తవిట రాయునది.

నాకు తెలుగు రాయడం సరిగ్గా రాదు, తప్పులుంటే నవ్వకు. నువ్వు నవ్వుతావని తెలుసు.

ఆ రోజు బ్యాండు వాళ్ళు ఒక్కళ్ళే వాయించారు. ఇంకో అమ్మాయి పాట పాడింది. దాన్నే మద్రాసు పంపుతున్నారు. దానికి పియానో రాదు. పర్వాలేదు, నేర్పుతారంట.

నేను నాలుగు నెలలు ప్రాక్టీస్ చేశాను. వేళ్ళు నొప్పి పుడితే వేడినీళ్ళలో పెట్టుకునేదాన్ని. నీకు చెప్పలేదు, చెబితే వద్దంటావని. హాస్టల్లో అందరూ అంటున్నారు, నీ మావయ్య ఫీజు కోసం చేశాడని. నేను కాదన్నాను. ఫీజు వాపస్ ఇచ్చాడు అన్నాను. అయితే దేనికి చేశాడు అని అడిగారు. దేనికో చెబితే ఇంకా నవ్వారు.

నాకు ఒక్కటి చెప్పు. సచ్ చెప్పు. గీత ఉందా? నువ్వు నా గురించి భయపడ్డావా, లేక ఆయన్ని చూసి గుస్సా పడ్డావా? రెండింట్లో ఏదైనా ఫరవాలేదు. కానీ ఏదో ఒకటే అయి ఉండాలి. రెండూ కలిపి చెప్పకు.

నేను ఇప్పుడు వాయించే ఏ పెట్టె ముందు కూర్చున్నా మొహం వెనక్కి తీసుకుంటున్నాను. అది నువ్వు చేసిందే.

తవిట


ప్రోతరాపూర్,
మార్చి

జోగులూ,

జనవరిలో రాసినదానికీ, ఆ తరవాతి ఉత్తరానికీ జవాబు లేదు. నువ్వు బతికే ఉన్నావని మాయాబందర్ బోటు వాళ్ళను అడిగి తెలుసుకుంటున్నాను.

తవిట ఉత్తరానికి నేను జవాబు ఇవ్వలేకపోయాను. ఎన్నో కాగితాలు పాడుచేశాను. దాని ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. ఆ గీతను నేను చూసింది దాని మీద ప్రేమతోనా, సెక్రటరీ మీద కసితోనా? నలుగురి ముందు ఫీజు నా చేతిలో పడేసి నవ్విన రోజు నుంచి, ఆ మనిషి పండగ పాడైపోవాలని నేను కోరుకోలేదని ప్రమాణం చేయలేను. మనసులో అది ఉన్నవాడి కంటికి ఇనుము మీద గీత కనిపించడం ఎంతసేపు? ఇంతమందితో పేచీలు పెట్టుకుని ఎప్పుడూ తప్పు వాళ్ళదేనని నిద్రపోయాను. ఇప్పుడు నిద్ర రావడం లేదు. నేను భయపడేది ఓడకు కాదు. పట్టాకు కాదు.

ఒక విషయం తెలిసింది. క్లబ్బు వాళ్ళు ఆ పియానోను పాతసామాను కింద వేలం వేశారు. చెక్కను ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. చట్రం ఎవరు కొన్నారో చెప్పడం లేదు. నేను అడిగితే అసలే చెప్పరు. హాడో దగ్గర పాతఇనుము దుకాణాలన్నీ తిరిగాను. లేదు. అది కరిగించకముందే ఒక్కసారి పగటి వెలుతురులో చూడాలి. రంగు గీకి, నూనె రాసి తుడిస్తే పగులైతే నల్లగా నిలుస్తుంది, పోతగీత అయితే నిలవదు. అంతే. ఒక్క నిమిషం పని.

నీకు ఓడల వాళ్ళూ బోటు వాళ్ళూ అందరూ తెలుసు. ఎవరు కొన్నారో కనుక్కో. మీ అక్క మీద ఆన.

పోలిరాజు


మాయాబందర్,
ఏప్రిల్

బావా,

ఆ చట్రం కొన్నది నేనే.

వేలం సంగతి బోటు సరంగు చెప్పాడు. ఇనుము బరువు బాగుంది, లోపల కన్నాలున్నాయి, తాడు కట్టడానికి వీలు. మా పెద్ద బోటుకి లంగరు లేక తుపానుల్లో అవస్థ పడుతున్నాం. అది సరిపోతుందని తెప్పించాను. ఇంకో కారణం కూడా ఉందని నీకు చెప్పక్కర్లేదు.

అది వచ్చాక వారం రోజులు ఒడ్డున గోనెసంచి కప్పి ఉంచాను. దాని పక్కనుంచి నడవాలంటేనే భయమేసింది. ఒకసారి నా బోటు మునిగిపోతున్నప్పుడు కూడా అంత భయపడలేదు. పగులు ఉంటే, నా కూతురిని నేనే దాని ముందు కూర్చోబెట్టబోయాను. లేకపోతే, దాని మద్రాసు ఊరికే పోయింది. ఏదైతే నాకు మంచిదో ఎంత ఆలోచించినా తేలలేదు.

తవిట సెలవులకి వచ్చింది. "నాన్నా, తియ్యి, చూద్దాం" అంది. నువ్వు రాసినట్టే రంగు గీకాం. దాని చేత్తోనే నూనె రాసి తుడిచింది. పగటి వెలుతురే. ఇద్దరం చూశాం. చాలాసేపు చూశాం.

నేను నీకు రాస్తానంటే అది నా చెయ్యి పట్టుకుంది. "మావయ్యకి రాయొద్దు నాన్నా" అంది. ఎందుకే అన్నాను. నూనె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తరవాత నాకే అర్థమైంది. పగులు లేదని రాస్తే నువ్వు మంచం పట్టి లేవవు. ఉందని రాస్తే మమ్మల్ని బతికినన్నాళ్ళూ స్థిమితంగా కూర్చోనివ్వవు.

గుంట ఇక్కడ చిన్న పిల్లలకి పాటలు చెబుతోంది. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతానని బడి దీదీకి తనే రాసుకుంది. నీ మీద కోపం పోలేదు, నాకూ పోలేదు. నీ పట్టా ఇవ్వకపోతే ఇక్కడికి వచ్చేయి. షెడ్డు వెనక గది ఖాళీగా ఉంది. వస్తే మాత్రం అడగకూడదు. అడిగిన రోజు బోటు ఎక్కించేస్తాను.

ఆదివారం చట్రాన్ని తాడు కట్టి నీళ్ళలోకి దించాం. తవిట అంచున నిలబడి అది కనిపించకుండా పోయేదాకా చూసింది. గాలి గట్టిగానే ఉంది. బోటు కదల్లేదు.

జోగులు